రాళ్ళ కాలం చదవడం – 7వ పాఠం: ఆర్క్ ఎప్పుడు మొదలైందో ఎలా చెప్పాలి?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఈ పాఠం వరస మార్చక తప్పలేదు. నేరుగా ఆర్క్ పుట్టుకలోకి దిగుదామనుకున్నాను (ఆర్క్ అంటే సముద్రపు పలక ఖండం కిందికి దూరే చోట, అంచు వెంట పుట్టే అగ్నిపర్వతాల వరస). ముందు సగటు సంగతి తేల్చాలి.

ఇచ్చిన లెక్క గుర్తుచేస్తాను. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి ప్లూటాన్ల (భూమి లోపలే గడ్డకట్టిన మాగ్మా ముద్దల) తీరును అనుసరించి, అభ్యాసం కోసం నేను అల్లిన పట్టిక అది. ఒక మాంజొనైట్ రాయి (గ్రానైట్‌కు చుట్టం, క్వార్ట్జ్ తక్కువ), అందులోంచి ఏరిన జిర్కాన్లు (యురేనియం దాచుకునే సన్నని ఖనిజపు గింజలు), కొలిచే పుంజం తొలిచిన ఎనిమిది గుంటల్లో కొలతలు. కోట్ల సంవత్సరాల్లో: 24.1, 23.8, 24.3, 24.0, 23.9, 171, 169, 101. అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ మాగ్మా ఎప్పుడు గడ్డకట్టింది?

సగం మందికి పైగా ఎనిమిదింటినీ కూడి, ఎనిమిదితో భాగించి, 70 కోట్ల సంవత్సరాలని పంపారు. కూడికలో తప్పు లేదు. కానీ 70 కోట్ల ఏళ్ళ వయసున్న పదార్థం ఆ రాతిలో ఎక్కడా లేదు. పట్టికలో ఆ అంకెకు దరిదాపుల్లో ఉన్న కొలత కూడా లేదు. పైగా 70 కోట్ల ఏళ్ళ కిందట ఆ ప్రాంతంలో ఏం జరుగుతోందో 2వ పాఠంలో చదువుకున్నాం. రొడీనియా మహాఖండం చీలుతోంది. ఉత్తర అమెరికా పడమటి అంచు అప్పుడప్పుడే విడివడి, ఆ తర్వాత చాలా కాలం ఇసుకరాయి, సున్నపురాయి పొరలు పేర్చుకుంటూ ప్రశాంతంగా కూర్చుంది. సముద్రపు పలక ఖండం కిందికి దూరే పరిస్థితే అక్కడ లేదు. అంకె తేలగానే దాన్ని ఆ చోటి చరిత్ర పక్కన పెట్టి చూసే అలవాటుంటే ఈ జవాబు మీ చేతుల్లోంచి బయటికి వచ్చేది కాదు.

మరికొందరు 171 కోట్లని రాశారు. "అన్నిటికంటే పాతది కాబట్టి అదే మొదలు" అని ఒకరు కారణం కూడా ఇచ్చారు. కూల్చేసిన పాత ఇంటి ద్వారబంధాన్ని కొత్త ఇంటికి బిగిస్తే, గృహప్రవేశం తేదీ ద్వారబంధాన్ని చూసి చెప్పం కదా. మాగ్మా పైకి వచ్చే దారిలో పాత ఖండపు రాళ్ళను కరిగిస్తుంది. ఆ రాళ్ళలోని జిర్కాన్లు మాత్రం అంత సులువుగా కరగవు. కొన్ని అలాగే మిగిలి కొత్త మాగ్మాలో తేలుతూ, చుట్టూ కొత్త పొర కట్టుకుంటాయి. మధ్యలో పాత గింజ, పైన కొత్త పొర. మొహావీ అడుగున ఉన్న ఖండపు రాతి వయసు సుమారు 160 నుంచి 180 కోట్ల సంవత్సరాలు. కాబట్టి మన పట్టికలోని 171, 169 ఆ అడుగు రాతివి. పనికిరావని కాదు, మాగ్మా దేన్ని కరిగిస్తూ పైకి వచ్చిందో చెప్పే సాక్షులవి. మన ప్రశ్నకు మాత్రం జవాబు కావు.

ఇక ఎనిమిదో కొలత, 101 కోట్లు. దీన్ని కొందరు "మధ్యలో జరిగిన ఇంకో సంఘటన" అన్నారు. ఒకరైతే ఆ సంఘటనకు పేరు పెట్టి, కారణం చెప్పి, ఒక పేజీ రాశారు. ఆ ఓపికకు నమస్కారం. అయితే ఆ గుంటకు రెండు నిష్పత్తులు కూడా ఇచ్చాను, వాటి జోలికి చాలామంది పోలేదు. ఇప్పుడు కలిసి చేద్దాం.

జిర్కాన్‌లోని యురేనియం-238 మెల్లగా సీసం-206గా, యురేనియం-235 సీసం-207గా మారుతాయి, అంటే రెండు గడియారాలు. సీసం-206ను యురేనియం-238తో భాగిస్తే వచ్చినది 0.1698. సీసం-207ను యురేనియం-235తో భాగిస్తే వచ్చినది 2.301. వయసు కావాలంటే నిష్పత్తికి 1 కలిపి, సహజ సంవర్గమానం తీసి, క్షయ స్థిరాంకంతో భాగించాలి. యురేనియం-238కి ఆ స్థిరాంకం ఏడాదికి 1.55125 × 10⁻¹⁰, యురేనియం-235కి 9.8485 × 10⁻¹⁰. ఫోనులో ఉన్న కాలిక్యులేటర్ చాలు. మొదటి గడియారం 101 కోట్లు చూపిస్తుంది. రెండోది 121 కోట్లు. ఆ రెండు రకాల సీసం పరస్పర నిష్పత్తి (207/206) నుంచి మూడో వయసు లాగితే 159 కోట్లు వస్తుంది. ఒకే గుంట, మూడు వయసులు. నిజమైన సంఘటన అయితే మూడూ ఒక్కచోట కలవాలి.

ఇప్పుడు అదే సంగతిని అటునుంచి చూడండి. 24 కోట్ల ఏళ్ళ జిర్కాన్‌లో మొదటి నిష్పత్తి 0.0379, రెండోది 0.2666. 170 కోట్ల ఏళ్ళ జిర్కాన్‌లో 0.3018, 4.335. యురేనియం రెంటిలోనూ సమానంగా ఉందనుకుని చెరిసగం కలపండి. 0.1698, 2.301. మన గుంట అదే. కొలిచే అయాన్ పుంజం సగం పాత గింజ మీద, సగం కొత్త పొర మీద పడింది, అంతే. పుంజం వెడల్పు సుమారు 25–30 మైక్రాన్లు. గ్రానైట్ జాతి రాళ్ళలో జిర్కాన్ పొడవు చాలావరకు 50 నుంచి 300 మైక్రాన్లు. పొర సన్నగా ఉంటే పుంజం అంచు దాటి పాత గింజలోకి వెళ్ళిపోవడం రోజూ జరిగేదే.

కాంకార్డియా వక్రరేఖ (రెండు గడియారాలూ ఒకే వయసు చూపే బిందువుల గీత) ఎలా గీయాలో మళ్ళీ చెప్పను, 3వ పాఠంలో ఉంది. ఈ గుంట ఆ వక్రరేఖ మీద పడదు. 24, 170 బిందువులను కలిపే సరళరేఖ మీద సరిగ్గా మధ్యలో పడుతుంది. జార్జ్ వెదరిల్ 1956లో ఈ పటాన్ని ముందుకు తెచ్చింది ఇలాంటి గొడవలు కంటికి కనబడాలనే. సీసం కొంత జారిపోయిన జిర్కాన్లు కూడా వక్రరేఖ కిందికే దిగుతాయి. ఏది కలగలుపు, ఏది సీసం నష్టం అన్నది అంకెలను చూసి తేల్చకండి. బొమ్మ చూడండి.

బొమ్మ అంటే సీఎల్ (కాథోడోల్యూమినిసెన్స్) చిత్రం. జిర్కాన్‌ను సగానికి అరగదీసి, ఎలక్ట్రాన్ పుంజం కింద పెడితే లోపలి పొరలు వెలుగునీడలుగా కనిపిస్తాయి. నా పద్ధతి మొండిది: చిత్రం లేని పట్టికను నేను చదవను. ముందు చిత్రం మీద ఏ గుంట ఎక్కడ పడిందో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటాను, గుంట సరిహద్దు దాటితే దాని వయసు చూడకముందే కొట్టేస్తాను. వయసు చూశాక కొట్టేస్తే మనకు నచ్చినవే మిగులుతాయి. మీకు ఇంకో పద్ధతి నచ్చితే వాడండి, కానీ వరస మాత్రం ఇదే ఉండాలి: చిత్రం ముందు, అంకె తర్వాత.

మిగిలిన ఐదు కొలతల సగటు 24.0 కోట్లు. ఇక్కడ సగటు తీయవచ్చు, ఎందుకంటే ఐదూ ఒకే సంఘటనను కొలుస్తున్నాయి. "అన్నిటికంటే చిన్నది 23.8 కదా, అదే చివరిగా గడ్డకట్టిన క్షణం" అన్నవారికి ఒక మాట. ఇలాంటి పుంజంతో ఒక్కో గుంటకు ఒకటి రెండు శాతం అనిశ్చితి మామూలే. 24 కోట్లలో ఒక శాతం అంటే 24 లక్షల ఏళ్ళు, పట్టికలో 0.24. 23.8కీ 24.1కీ తేడా ఆ లోపలే కలిసిపోతుంది. అంతకంటే సన్నగా కావాలంటే జిర్కాన్‌ను వేడిచేసి, ఆమ్లంలో పాడైన భాగాలు కరగనిచ్చి, మిగిలినదాన్ని కొలిచే పద్ధతి ఉంది. జేమ్స్ మాటిన్సన్ 2005లో ప్రకటించాడు. దాంతో వెయ్యిలో ఒక వంతు దాకా వెళ్ళవచ్చు. కానీ పొరలున్న గింజను మొత్తంగా కరిగిస్తే మళ్ళీ కలగలుపే. పనిని బట్టి పనిముట్టు.

ఇంకొక్కటి. 24 కోట్ల ఏళ్ళ గింజలకు 207/206 వయసు వాడినవారు ఇద్దరు ముగ్గురు కనిపించారు. వద్దు. యురేనియంలో ఇప్పుడు 235 వాటా ఒక్క శాతం కూడా లేదు, సుమారు 0.72 శాతం. గత 24 కోట్ల ఏళ్ళలో పుట్టిన సీసం-207 బహు కొద్ది. దాన్ని కొలవడంలో పిసరంత తేడా వచ్చినా వయసు కోట్లలో ఊగుతుంది. 100 కోట్లకు లోపు 206/238, ఆ పైన 207/206. నేను వాడే గీత ఇది. కొందరు ఇంకాస్త ఇటూ అటూ గీస్తారు.

ఇప్పుడు ఈ పాఠం. ఒక రాయి వయసు 24 కోట్లని తేలింది. అయితే ఆర్క్ 24 కోట్ల ఏళ్ళ కిందట మొదలైందా?

గింజ వయసు ఒకటి. రాయి వయసు ఇంకొకటి. ఆర్క్ వయసు మూడోది. మొదటి రెంటి తేడా పైన చూశాం. మూడోదానికి ఒక్క రాయి చాలదు. ఖండపు అంచు వెంట వందల కిలోమీటర్లు నడిచి, అక్కడ పుట్టిన మొదటి మాగ్మాలను వరసలో పెట్టాలి. ఈ పనికి అమెరికా నైరుతి మూల కంటే మంచి బడి నాకు తెలియదు. ఎడారి కాబట్టి రాళ్ళు బయటే ఉన్నాయి, శతాబ్దానికి పైగా పటాలు గీసినవారున్నారు, వయసులు దండిగా ఉన్నాయి.

ముందు అంచు సంగతి. పాలియోజోయిక్ యుగంలో (సుమారు 54–25 కోట్ల ఏళ్ళ కిందట) అక్కడి అవక్షేపాల పట్టీలు, లోతులేని సముద్రపువి, లోతు సముద్రపువి, ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. ఆ తర్వాత వచ్చిన ఆర్క్ మాత్రం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, పాత పట్టీలను అడ్డంగా కోస్తూ సాగుతుంది. అంటే ఆర్క్ పుట్టకముందే ఎవరో అంచును కత్తిరించారు. ఆ యుగపు చివరి భాగాలైన పెన్సిల్వేనియన్, పెర్మియన్ కాలాల్లో ఒక పెద్ద పక్క జరుగుడు భ్రంశం (నేల చీలి పక్కకు జరిగే గీత) ఖండం కొసను తెగ్గొట్టి పక్కకు ఈడ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ తెగిన అంచు వెంటే సముద్రపు పలక కిందికి దూరడం మొదలైంది. ఈ సంగతి పటం చూస్తేనే తెలుస్తుంది, ఏ ల్యాబూ చెప్పదు. అందుకే జిర్కాన్ల కంటే ముందు పటం తెరవమంటాను.

ఆ అంచు వెంట తొలి మాగ్మా ఆనవాళ్ళు మొహావీకి ఉత్తర కొసన, గార్లాక్ భ్రంశం పక్కనున్న ఎల్ పాసో కొండల్లో దొరుకుతాయి. పెర్మియన్ కాలపు ప్లూటాన్లు అక్కడి లోతు సముద్రపు పాత అవక్షేపాల్లోకి చొచ్చుకొచ్చాయి. వయసు రమారమి 27 నుంచి 25 కోట్లు. దక్షిణాన శాన్ బెర్నార్డినో కొండల మాంజొనైట్లు 25–24 కోట్ల ప్రాంతంవి. దానికి పడమట, లాస్ ఏంజెలెస్ వెనకనున్న శాన్ గాబ్రియెల్ కొండల్లో ‘మౌంట్ లో’ (Mount Lowe) అనే ప్లూటాన్ 22–21 కోట్ల నాటిది. ఉత్తరాన సియెర్రా నెవాడా తూర్పు వాలు మీద, బిషప్, లీ వైనింగ్ ఊళ్ళ దగ్గర, షీలైట్ వర్గం ప్లూటాన్లు సుమారు 22 కోట్లవి. యోసెమిటీలో అందరూ ఫోటోలు దిగే ఎల్ కాపిటాన్ గ్రానైట్ 10 కోట్ల చిల్లర, హాఫ్ డోమ్ రాయి 9 కోట్ల చుట్టుపక్కల. వాటిని చూసి ఆర్క్ వయసు చెప్పేవారు, పుట్టుకకూ నడివయసుకూ మధ్య 15 కోట్ల ఏళ్ళు ఎగరగొట్టేస్తున్నారన్నమాట.

చూశారా, మొదలు అన్నది ఒక తేదీగా దొరకలేదు. ఒకచోట 27, ఒకచోట 25, ఇంకోచోట 22. తెగిన అంచు అంతటా పలక ఒకేసారి వంగలేదని ఒక వివరణ. తొలి మాగ్మా అన్నిచోట్లా ఒకేసారి పుట్టినా, తర్వాతి ప్లూటాన్లు మింగేయగా కొన్నిచోట్లే మిగిలిందని రెండోది. నేను రెండో దాని వైపు కాస్త ఎక్కువ మొగ్గుతాను. సియెర్రా నెవాడాలో అధిక భాగం క్రెటేషియస్ (సుమారు 14–7 కోట్ల ఏళ్ళ నాటి) రాయి. ఆ మాగ్మా వచ్చినప్పుడు ట్రయాసిక్ (సుమారు 25–20 కోట్ల ఏళ్ళ నాటి) రాళ్ళలో ఎంత కరిగిపోయిందో, ఎంత పక్కకు నెట్టుకుపోయిందో ఊహించండి. మిగిలినవి తూర్పు అంచున చీలికలుగా మిగిలాయి.

తొలి మాగ్మాల తీరు గురించి కూడా ఒక మాట. పుస్తకంలో ఆర్క్ అనగానే ఆండిసైట్, గ్రానోడయోరైట్ అని బట్టీపట్టి ఉంటారు. మొహావీలోని తొలి ట్రయాసిక్ రాళ్ళలో చాలావరకు అలా ఉండవు. క్వార్ట్జ్ తక్కువ, పొటాషియం, స్ట్రాన్షియం ఎక్కువ. కాల్విన్ మిల్లర్ 1978లోనే వీటిని ఒక ప్రత్యేక క్షార పట్టీగా గుర్తించాడు. పాత, మందమైన ఖండం అడుగున మొదటిసారి నీరు చేరినప్పుడు, కరగడానికి సిద్ధంగా ఉన్న కొద్దిపాటి పదార్థమే ముందు కరుగుతుంది. కరిగింది కొంచెమైతే పొటాషియం లాంటివి అందులోనే పోగుపడతాయి. ఇది నా ఇష్టమైన వివరణ, ఇంకా ఇతర వివరణలున్నాయి.

పలక వంగిన క్షణానికీ మొదటి మాగ్మాకూ మధ్య ఎంత ఆలస్యం? చిన్న లెక్క. మాగ్మా పుట్టాలంటే పలక సుమారు 100 కిలోమీటర్ల లోతు చేరాలనుకోండి. 45 డిగ్రీల వాలున దిగితే అది ప్రయాణించాల్సింది 141 కిలోమీటర్లు. ఏడాదికి 5 సెంటీమీటర్ల వేగమంటే పది లక్షల ఏళ్ళకు 50 కిలోమీటర్లు. 28 లక్షల ఏళ్ళు పడుతుంది. మొదట్లో పలక నిదానంగా కదులుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే అనుకోండి. అయినా కోటి లోపు. 27కీ 22కీ ఉన్న తేడాను ఈ ఆలస్యం మీదికి నెట్టలేం.

రాళ్ళు మాయమైనా వాటి పొడి మాయం కాదు. ఆర్క్ లోపలి ప్లూటాన్ల కంటే దాని వెనకనున్న నదీ అవక్షేపాలే పుట్టుకను నమ్మకంగా దాచుకుంటాయని నా అభిప్రాయం. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో రాయిగా మారిన చెట్ల మొద్దులు చూసే ఉంటారు. ఆ చెట్లను రాయిగా మార్చిన సిలికా ఎక్కువగా అగ్నిపర్వత బూడిద నుంచి వచ్చింది. చిన్లీ నిర్మాణమని పిలిచే ఆ పొరల్లో 22 కోట్ల చుట్టుపక్కల వయసున్న జిర్కాన్లు పుష్కలం. దూరాన పేలిన కొండలు ఇప్పుడు లేవు. వాటి బూడిద, వాటి గులకరాళ్ళు ఇక్కడున్నాయి. అయితే అవక్షేపంలో అతి చిన్న వయసు గింజ "ఈ పొర ఇంతకంటే పాతది కాదు" అని మాత్రమే చెబుతుంది, "సరిగ్గా ఇప్పటిదే" అని చెప్పదు. దీన్ని సాగదీయను, ఒకసారి ఆలోచిస్తే తెలిసేదే.

ఇక నాకు చిర్రెత్తించే సంగతికి వస్తాను. నియోబియం గుంత: రాతిలోని మూలకాలను ఆదిమ మాంటిల్‌తో పోల్చి వరసగా గీసే ‘సాలీడు పటం’లో, నియోబియం అనే లోహం దగ్గర గీత కిందికి పడడం.

పాఠాలు మొదలైనప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఒకే రకం వాక్యం: "సాలీడు పటంలో నియోబియం దగ్గర గుంత ఉంది, కాబట్టి ఇది ఆర్క్ రాయి." ఆ "కాబట్టి" దగ్గరే నా గొడవ.

గుంత ఎందుకొస్తుందో ముందు చూడండి. దిగుతున్న పలక నుంచి నీరు బయటికి వస్తుంది. బేరియం, రుబీడియం, పొటాషియం, సీసం ఆ నీటిలో కరిగి పైనున్న మాంటిల్‌కు చేరతాయి. థోరియం, లాంథనం చాలావరకు, పలక మీది అవక్షేపం కరిగినప్పుడు దానితో పాటు వెళతాయి. నియోబియం, టాంటలం మాత్రం పలకలోని రూటైల్ లాంటి ఖనిజాల్లో బిగుసుకుని వెనకే ఉండిపోతాయి. ఆ నీటి వల్ల కరిగిన మాగ్మాలో పక్కవాటితో పోలిస్తే నియోబియం తక్కువ. ఇంతవరకు పాఠ్యపుస్తకమే, గొడవ లేదు.

గొడవ ఎక్కడంటే, ఖండపు పైపెంకు సగటునా అదే గుంత ఉంది. ఖండాల్లో చాలా భాగం పాత ఆర్క్‌ల నుంచే తయారైంది మరి. కాబట్టి ఏ మాగ్మా అయినా, దానికి సబ్డక్షన్‌తో (పలక కిందికి దూరడంతో) ఏ సంబంధం లేకపోయినా, ఖండాన్ని కాస్త నమిలితే చాలు, గుంత అంటుకుంటుంది.

నమ్మకపోతే లెక్క చేయండి. సముద్రపు నడిమి శిఖరాల బసాల్ట్ తీసుకోండి, అది ఆర్క్ కాదన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదు. పది లక్షల భాగాల్లో థోరియం 0.12, నియోబియం 2.33, లాంథనం 2.5. ఖండపు పైపెంకులో అవే వరసగా 10.5, 12, 31. వీటిని ఆదిమ మాంటిల్ విలువలతో, అంటే 0.085, 0.713, 0.687తో భాగించి పటంలో పెడతాం. బసాల్ట్ ఒక్కటే అయితే 1.4, 3.3, 3.6. గుంత లేదు, మెట్లెక్కినట్టు పైకి పోతుంది. ఇప్పుడు దానిలో పదో వంతు పెంకు కలపండి. థోరియం 1.16, నియోబియం 3.3, లాంథనం 5.35. భాగించండి: 13.6, 4.6, 7.8. నడుమ నియోబియం దగ్గర చక్కని గుంత! పలక లేదు, నీరు లేదు, ఆర్క్ లేదు. పది శాతం పెంకు, అంతే.

ఇది కాగితం మీది ఆట అనుకునేవారికి దక్కన్ లావాలు చూపిస్తాను. దక్కన్ మాగ్మా సబ్డక్షన్ వల్ల పుట్టిందని ఎవరూ అనరు. అయినా పడమటి కనుమల్లోని బుషె నిర్మాణపు బసాల్ట్‌లలో నియోబియం గుంత లోతుగా ఉంటుంది, స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి 0.713 దాటుతుంది. ఆ మాగ్మా ఖండపు పెంకును బాగా తిన్నది. అదే దక్కన్‌లో అంబెనలి నిర్మాణం తినలేదు, దానిలో ఆ గుంత కనిపించదు. మన రాజమండ్రి దగ్గర క్వారీల్లో కనిపించే లావా ప్రవాహాలు రసాయన రీత్యా అంబెనలి, మహాబలేశ్వర్ నిర్మాణాలకు దగ్గర. కాటేరు వైపు రాయిని విశ్లేషిస్తే "ఆర్క్ కాదు" అని, బుషె రాయిని విశ్లేషిస్తే "ఆర్క్" అని చెప్పే పద్ధతి, ఒకే అగ్నిపర్వత కుటుంబానికి రెండు జన్మకథలు అల్లుతుంది. ఆ పద్ధతిని ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోండి.

మన మొహావీ రాళ్ళ దగ్గర ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. జిర్కాన్ల నడుమ 170 కోట్ల ఏళ్ళ గింజలు కనిపించాయంటేనే మాగ్మా పెంకును తిన్నదని ఒప్పుకున్నట్టు. అలాంటి రాతిలో నియోబియం గుంత కనిపిస్తే అది పలక నీటిదా, తిన్న పెంకుదా అన్నది గుంత చెప్పదు. 1984లో పియర్స్, హారిస్, టిండిల్ గ్రానైట్ల కోసం గీసిన నియోబియం–ఇట్రియం, రుబీడియం పటాలదీ ఇదే కథ. మంచి పటాలు, పుట్టిన చోటు కంటే కరిగిన మూలాన్ని ఎక్కువ చూపిస్తాయి. వాటి మీద ఒక్క చుక్క పెట్టి "అగ్నిపర్వత ఆర్క్ గ్రానైట్" అని శీర్షిక రాసేసే నివేదికలు చదివినప్పుడు నాకు రక్తపోటు పెరుగుతుంది.

మరి మొహావీలో ఆర్క్ ఉందని ఎలా చెబుతున్నాం? గుంతను చూసి కాదు. ప్లూటాన్లు తెగిన అంచుకు సమాంతరంగా పొడవాటి పట్టీగా ఉన్నాయి. ఒకసారి పేలి ఆగిపోలేదు, పట్టీ కాస్త అటూ ఇటూ జరుగుతూ, నడుమ నడుమ మందగిస్తూ, సుమారు 8 కోట్ల ఏళ్ళ కిందటి దాకా సాగింది. రాళ్ళలో హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం విరివిగా ఉంది, మాగ్మాలో నీరు బాగా ఉంటే తప్ప అది అలా పెరగదు. పక్క అవక్షేపాల్లో అదే కాలపు బూడిద ఉంది. తూర్పు సియెర్రాలో ట్రయాసిక్ అగ్నిపర్వత రాళ్ళు, ముందే మడతపడి కోతకు గురైన పాలియోజోయిక్ పొరల మీద, అడుగున గులకరాతి పొరతో కూర్చుని ఉన్నాయి. అంటే అంచు ముందు నలిగి, పైకి లేచి, కోతపడి, తర్వాత అగ్నిపర్వతాలొచ్చాయి. ఇవన్నీ నిలబడ్డాక, చివర్లో నియోబియం గుంతను తోడు పిలవండి. అప్పుడు దాని మాటకు విలువుంటుంది.

స్ట్రాన్షియం గురించి రెండు ముక్కలు. కిస్లర్, పీటర్‌మన్ 1973లో కాలిఫోర్నియా ప్లూటాన్ల తొలి స్ట్రాన్షియం నిష్పత్తులను పటం మీద పరిచి 0.706 గీత గీశారు. గీతకు తూర్పున మాగ్మా కింద పాత ఖండం ఉంది, పడమట లేదు. తెగిన అంచు భూమి అడుగున ఎక్కడుందో ఇది చూపిస్తుంది. ఆర్క్ అవునా కాదా అన్నది దీన్ని అడక్కండి, వేరే ప్రశ్న.

నెల్లూరు ప్రాంతంలోని కండ్ర ఓఫియోలైట్ మీద ఒక పాఠం రాయమని అడిగేవారికి: రాస్తాను, ఇప్పుడు కాదు. అది 185 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగు. మన తూర్పు తీరాన పాత ఖండపు అంచు పక్కనున్న సముద్రం ఎలా మూసుకుపోయిందో చెప్పే రాయి. కానీ తర్వాతి కాలంలో ఆ రాళ్ళు వేడికీ ఒత్తిడికీ మారిపోయాయి. అలాంటి చోట జిర్కాన్ మీద మూడో రకం పొర పెరగవచ్చు, అది మాగ్మాది కాదు, రూపాంతరానిది. రెండు పొరల లెక్కే సగటుతో ముగిస్తున్నవారిని మూడు పొరల దగ్గరికి తీసుకెళ్ళలేను.

అభ్యాసం. ఈసారి కాస్త గట్టిదే.

ఒకటి. ఒక గుంటలో 206/238 నిష్పత్తి 0.0907, 207/235 నిష్పత్తి 1.080. కొత్త పొర వయసు 24 కోట్లు, పాత గింజ 170 కోట్లు, రెంటిలో యురేనియం సమానం. పుంజం కింద పాత గింజ వాటా ఎంత? రెండు నిష్పత్తుల నుంచీ విడివిడిగా తేల్చండి, రెండూ ఒకే జవాబు ఇవ్వాలి. ఆ తర్వాత, పాత గింజలో యురేనియం కొత్త పొరలో కంటే మూడింతలుంటే వాటా ఎంతకు మారుతుందో లెక్కించండి.

రెండు. పైన ఇచ్చిన బసాల్ట్‌లో పెంకును ఒక్కో శాతం పెంచుతూ పోండి. థోరియం, లాంథనం రెండింటికంటే నియోబియం మొదటిసారి కిందికి దిగేది ఎన్ని శాతం దగ్గర? జవాబు చూశాక, మీరు ఇంతకుముందు "ఆర్క్" అని రాసి పంపిన రాళ్ళలో ఎన్నింటిని వెనక్కి తీసుకోవాలో జాబితా రాయండి.

మూడు. ఒక నదీ ఇసుకరాయిలో ఆరు జిర్కాన్లు: 22.4, 22.6, 24.8, 26.5, 143, 172 కోట్లు. మొహావీ ఖండపు రాతిలో 140 కోట్ల నాటి గ్రానైట్లు కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. ఈ ఆరింటితో ఆర్క్ మొదలు గురించి ఏం చెప్పగలరో రెండు వాక్యాల్లో, ఏం చెప్పలేరో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆరింటి సగటు తీసి పంపినవారి జవాబు నేను తెరవను.